నగరమధ్యమున తోడేలు

బల్లచుట్టు కూర్చుండి, మాటలతోను పాచికలతోను నడుపుకొను కథాక్రీడ యొకటి 1992లో అమెరికాలో వెలువడినది. దాని పేరు ‘వేర్‌వుల్ఫ్: ది అపోకలిప్స్’. ఇందు ఆటకాండ్రు తోడేళ్లుగా మారగల మనుష్యుల పాత్రలను ధరింతురు. ఆ జాతికి ‘గారూ’ అని పేరు. మన గౌరవవాచకముతో దానికేమియు చుట్టరికము లేదు. ఒకరు కథకుడై తక్కిన లోకమునంతయు నడుపును. అడవిలో ఈ కథ నడుపుట సులభము. నగరమున నడుపుట యెట్లో మీకు మనవి చేసెదను.

అడవిలో తోడేలునకు క్రోధమే బలము. నగరమున అదియే గండము. దాని యుద్ధరూపమును చూచిన సామాన్యులకు మతి చలించును. పిదప వారు చూచినది మరతురు. ‘ఎవరికిని జ్ఞాపకముండదు గదా’ యని క్రొత్త కథకుడు నడివీథిలో యుద్ధము పెట్టును. నేనును మొదట అట్లే చేసితిని. రెండు గంటలు పాచికలు దొర్లినవి. ఒక్కరి గుండెయు కదలలేదు.

మరుసటి మారు భూగర్భపు రైలుపెట్టెలో కథ పెట్టి, పావుగంటసేపు ప్రయాణికులనే చూపితిని: కునికిపాట్లు పడుచున్న నర్సు, ఒడిలో మిఠాయిపెట్టె పెట్టుకొన్న వృద్ధుడు, లెక్కలు వల్లించు పిల్లవాడు. అప్పుడు శత్రువు ఎక్కెను. పాత్రకు క్రోధమెంత కలదో అన్ని పాచికలు వేయవలెను. నాలుగు గెలుపులు పడినచో ఆవేశము పూని, తనవారు పరులను భేదము మరచును. పాచికలు పట్టిన చేయి చాలసేపు తెరచుకొనలేదు. మూడే పడినవి. ఆ పాత్ర తరువాతి స్టేషనులో దిగి పరుగెత్తెను. శత్రువు మాత్రము ఆ ప్రయాణికుల నడుమనే మిగిలెను.

ఆత్మలోకమునకును ఈ లోకమునకును నడుమ నొక తెర కలదు. పాత ప్రచురణల లెక్కలో దానిని దాటుటకు పదిముఖముల పాచికపై దట్టమైన అడవిలో 5, నగరమధ్యమున 8, లేదా అంతకు మించి పడవలెను. అనగా అచ్చట ఆరు ముఖములు అనుకూలించును, ఇచ్చట మూడే. మెరయు తలములో చూచుచు దాటినచో ఒక అంకె తగ్గును. కావున దుకాణపు అద్దమును, వాననీటి గుంటయు ద్వారములగును. వీనిని ముందే వర్ణనలో నుంచవలెను. అవసరమునకు పుట్టించినచో ఆటకాండ్రు నవ్వుదురు.

నగరమునకు పూర్వకథ యుండుట అన్నిటికంటె ముఖ్యము. ఈ ఆట గ్రంథములు న్యూయార్కులోని సెంట్రల్ పార్కున తోడేళ్లకొక పుణ్యస్థలమును కల్పించినవి. ఆ 843 ఎకరముల వనము మనుష్యులు నిర్మించినది. దానికొరకు 1857లో, నల్లజాతివారు అధికముగా నివసించిన సెనెకా విలేజి యను పల్లెను ఖాళీ చేయించిరి. ఇట్టి నిజమైన బాధను కథలోనికి తెచ్చుటకు ముందు బల్లయొద్దనున్నవారి సమ్మతి అడుగవలెను; నేనడిగితిని. పిదప చెట్లను కాపాడవచ్చిన తోడేళ్లతో అచ్చటి ఆత్మ యొకటి, ‘మా యిండ్లు తీసి నాటిన చెట్లివి’ యనెను. సమాధానము నేనును సిద్ధము చేసికొనలేదు. ముగ్గురు చెట్లవైపు, ఇద్దరు ఆత్మవైపు నిలిచిరి. ఆ రాత్రి పాచికల నెవరును ముట్టలేదు.