ఆవాలలో దాగిన విషం - అభ్యాసంతో అలవడే చూపు

ఆవాలు కొన్నప్పుడల్లా మా అమ్మ వాటిని చేటలో పలుచగా పరచి, వెలుతురులో కూర్చుని ఏరేది. ఒకనాడు నేను అరగంట ఏరి ఇచ్చిన చేటలో నుండి ఆమె క్షణకాలంలో మూడు గింజలు తీసి నా అరచేతిలో పెట్టినది. "ఇవి ఆవాలు కావు నాయనా, బలురక్కసి గింజలు" అన్నది. ఆమెకు కళ్లద్దాలున్నవి, నాకు లేవు. అయినా నాకు చిక్కనివి ఆమెకు చిక్కినవి.

బలురక్కసి బీళ్లలో పసుపు పూలు పూచే ముళ్ల మొక్క. దాని గింజల నూనెలో సాంగ్వినరిన్ అనే విషపదార్థం ఉన్నది. 1998లో ఢిల్లీలో ఈ నూనె కలిసిన ఆవనూనె వాడి ఎందరో ఒళ్లు వాచి మంచాన పడినారు. 60 మందికి పైగా మరణించినారు. కనుక ఈ ఏరివేత కేవలం శుభ్రతకు సంబంధించిన విషయం కాదు.

మేకల కాపరులు, గోపాలకులు, వనవాసులు ఓషధుల నామరూపాలను ఎరుగుదురని చరక సంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే చెప్పబడినది. నిత్యం చూచేవారికే చూపు అలవడుతుందని నేను గ్రహించినాను. 1977లో ష్నైడర్, షిఫ్రిన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు దీనినే పరీక్షించి చూపినారు. వెదకవలసిన గుర్తులను మార్చక వేలసార్లు అభ్యాసం చేయించగా, మొదట ఒక్కొక్కటే పరిశీలించినవారికి అవి పిదప వాటంతట అవే కంటబడినవి. గుర్తులను మార్చుతూ పోయినప్పుడు అంతటి నైపుణ్యం కలుగలేదు.

అందుచేత నేను లక్షణాలు ముందు నేర్చినాను. ఆవగింజ నునుపు, నలిపితే లోపల పసుపు. బలురక్కసి గింజ గరుకు, లోపల తెలుపు. రెండు చెంచాల ఆవాలలో పది బలురక్కసి గింజలు లెక్కించి కలిపి, తెల్లని పళ్లెంలో పోసి, దినమునకు పది నిమిషాలు ఏరినాను. నెల తిరిగేసరికి పదీ దొరకసాగినవి. ఇట్లు అభ్యాసానికి వాడిన ఆవాలను పారవేయవలెను, వంటకు వాడరాదు. చేతులు కడుగుకొనవలెను.

ఒక హెచ్చరిక. అరుదుగా ఉండేది సులభంగా జారిపోతుంది. 2005లో వుల్ఫ్ బృందం జరిపిన పరీక్షలో, వెదికే వస్తువు సగం సార్లు ఉన్నప్పుడు 7 శాతం తప్పిపోగా, నూటికి ఒకసారి మాత్రమే ఉన్నప్పుడు 30 శాతం తప్పిపోయినది. కనుక "ఏమీ లేదులే" అనిపించినప్పుడే రెండవమారు చూడవలెను.

అభ్యాసం చూపును నేర్పుతుందే గాని కంటి దోషాన్ని తొలగించదు. అద్దాలు అవసరమైనవారు ధరించవలసినదే. నూనెగా మారిన పిదప ఏ కన్నూ విషాన్ని పట్టజాలదు. విడి ఆవనూనె కొనకండి. కాళ్లవాపు, ఆయాసం కనిపిస్తే ఆ నూనె మాని, గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని ఆశ్రయించండి.

అమ్మ తీసిన ఆ మూడు గింజలను చిన్న సీసాలో దాచినాను. ఇప్పుడు మా పిల్లలకు అవే మొదటి పాఠం.