వేటూరికీ ఒక గడి ఉంది

పెన్‌డ్రైవ్‌ కారుకు తగిలిస్తారు. ‘శంకరాభరణం’ పాట మొదలవుతుంది. తెర మీద గాయకుడి పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైట్‌ పేరు, సినిమా బొమ్మ ఉండాల్సిన చోట దాని లోగో. పాడింది బాలు, స్వరపరిచింది మహదేవన్‌, రాసింది వేటూరి. ముగ్గురిలో ఒక్కరూ కనబడరు.

ఇందులో స్టీరియో తప్పేమీ లేదు. ఫైల్లో ఏది రాసి ఉంటే దాన్నే చూపిస్తుంది. ఆ రాతనే ట్యాగ్‌ అంటారు. దాని కథ 128 బైట్లతో మొదలైంది.

1996లో ఎరిక్‌ కెంప్‌ ఎంపీ3 ఫైలు తోకకు ఒక చీటీ కట్టాడు. ఇది ట్యాగే అని చెప్పే గుర్తుకు 3 బైట్లు. పాట పేరు, గాయకుడు, ఆల్బమ్‌, వ్యాఖ్య... ఒక్కోదానికి 30. సంవత్సరానికి 4, పాట రకానికి 1. మొత్తం 128. సెకనుకు 128 కిలోబిట్ల లెక్కన 5 నిమిషాల పాట 48 లక్షల బైట్లు. చీటీ అందులో 37,500వ వంతు.

30 బైట్లు అంటే 30 ఇంగ్లిష్‌ అక్షరాలు. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ని ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలుగా రాస్తే ఖాళీలతో కలిపి 33 అవుతాయి. సుందరి ‘సుంద్‌’ దగ్గరే ఆగిపోతుంది. పాట రకానికి ఇచ్చిన ఒక్క బైటుది ఇంకో తమాషా. మొదటి జాబితాలో 80 రకాలున్నాయి, సినిమా సంగీతం సంఖ్య 24. ఏమీ నింపకుండా సున్నా వదిలేస్తే మాత్రం దాని అర్థం ‘బ్లూస్‌’. ఘంటసాల పద్యం బ్లూస్‌గా కనబడితే కంగారు పడకండి, ఎవరో ఆ గడి ఖాళీగా వదిలేశారంతే.

1998లో రెండో తరం ట్యాగ్‌ వచ్చింది. ఇది ఫైలు తలవైపు ఉంటుంది, 256 మెగాబైట్ల దాకా పెరగగలదు. సంగీత దర్శకుడికి వేరే గడి, గీత రచయితకు వేరే గడి, బొమ్మకూ చోటు. బొమ్మల్లోనే 21 రకాలు: ముందు అట్టది 3వ నంబరు. 17వ నంబరు ‘మెరిసే రంగుల చేప’! వేళాకోళం కాదు, నిబంధనల్లో నిజంగానే ఉంది.

తెలుగు లిపిలో పేర్లు రాసుకోవాలనుకుంటే ఇక్కడ కాస్త జాగ్రత్త కావాలి. ఈ తరంలో వాడుకలో ఉన్న వెర్షన్లు రెండు: 1999 నాటి 2.3, 2000 నాటి 2.4. అక్షరమైనా, గుణింతపు గుర్తైనా, పొల్లైనా కంప్యూటర్‌కు ఒక్కోటీ ఒక సంకేతం. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో అలాంటివి 23, మధ్యలో ఒక ఖాళీ. 2.3లో సంకేతానికి 2 బైట్లు, ఆరంభ గుర్తుతో కలిపి 50. 2.4లో వాడే యూటీఎఫ్‌-8లో సంకేతానికి 3, మొత్తం 70. ఈ 20 బైట్లను పట్టించుకోనక్కర్లేదు. అసలు చిక్కు వేరే ఉంది. పాత స్టీరియోల్లో చాలావాటికి 2.4 చదవడం రాదు. యూటీఎఫ్‌-8ని ఇంగ్లిష్‌ అనుకుని చదివితే ఒక్కో తెలుగు గుర్తు మూడు పిచ్చి గుర్తులుగా విడిపోతుంది. నా ఓటు 2.3కే. ఎంపీ3ట్యాగ్‌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ మామూలుగా అలాగే రాస్తుంది. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌ పికార్డ్‌ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌ 2.4లో రాస్తుంది, సెట్టింగుల్లో మార్చుకోవాలి.

బొమ్మ దగ్గర జనం ఎక్కువగా చేసే తప్పు అత్యాశ. 2 మెగాబైట్ల పోస్టర్‌ను 1,000 పాటలకు అతికిస్తే 2 గిగాబైట్లు బొమ్మలకే పోతాయి, ఎందుకంటే ఒకే సినిమాలో ఆరు పాటలుంటే ఆరింటిలోనూ ఒక్కో కాపీ కూర్చుంటుంది. అదే 500 పిక్సెళ్ల చదరపు జేపీజీని 100 కిలోబైట్ల లోపు ఉంచితే 1,000 పాటలకు 100 మెగాబైట్లు చాలు. అరచేతి తెర మీద రెంటికీ తేడా తెలియదు.

ఒక సినిమా ఐదు ఆల్బమ్‌లుగా చీలిపోవడం మనవాళ్లందరికీ అనుభవమే. ‘శంకరాభరణం’లో ఒక పాట బాలుది, ఒకటి బాలు-జానకిలది, ఇంకోటి వాణీ జయరాంది. గాయకుడు మారినప్పుడల్లా కొన్ని ప్లేయర్లు కొత్త ఆల్బమ్‌ అనుకుంటాయి. మందు ‘ఆల్బమ్‌ ఆర్టిస్ట్‌’ గడి. పాటలన్నీ ఒకేసారి ఎంచుకుని అందులో కె.వి. మహదేవన్‌ అని రాస్తే అన్నీ ఒక గూటికి చేరతాయి. గాయకుల పేర్లకు కూడా ఒకే రాత పెట్టుకోవాలి. ‘ఎస్పీబీ’, ‘బాలు’, ‘ఎస్‌.పి. బాలసుబ్రహ్మణ్యం’ అని మూడు రకాలుగా రాస్తే ప్లేయర్‌కు ముగ్గురు మనుషులు.

ఇక గీత రచయిత. ఎంపీ3ట్యాగ్‌లో ఆ గడి ఎదురుగా కనబడదు. ఆల్ట్‌, టీ మీటలు కలిపి నొక్కితే వచ్చే పూర్తి జాబితాలో ‘లిరిసిస్ట్‌’ అని మనమే కలపాలి. ఈ కాస్త శ్రమ వల్లే కాబోలు, అది ఎక్కడ చూసినా ఖాళీగా ఉంటుంది. ఈ ఆదివారం వేటూరి పాటలున్న ఒక్క సినిమా తీసుకోండి. ముందు ఫోల్డర్‌కు ఒక కాపీ చేసి పక్కన పెట్టండి. ఆ తర్వాత వెబ్‌సైట్‌ పేరు చెరిపేసి, లిరిసిస్ట్‌ గడిలో వేటూరి అని రాయండి.