ఒక అడ్డగీత కోసం

మన రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా, బీటా అని రెండు రకాల గొలుసులుంటాయి. ఆల్ఫాలో 141 అమైనో ఆమ్లాలు, బీటాలో 146. ఒక్కో ఆమ్లానికి ఒక్కో ఇంగ్లీషు అక్షరం రాసుకుంటే ఆల్ఫా ‘వి, ఎల్, ఎస్, పి’ అని మొదలవుతుంది. బీటా ‘వి, హెచ్, ఎల్, టి, పి’ అని. ఒకదాని కింద ఒకటి రాస్తే మొదటి అక్షరం దాటగానే వరస తప్పుతుంది. ఆల్ఫాలో ‘వి’ పక్కన ఒక్క అడ్డగీత పెట్టండి. ఎల్ కింద ఎల్, పి కింద పి వచ్చి కూర్చుంటాయి. ఇలా గీతలు పెట్టుకుంటూ పోతే ఇనుమును పట్టుకునే హిస్టిడిన్ ఆల్ఫాలో 87వది, బీటాలో 92వది అయినా రెండూ ఒకే నిలువు వరసలో పడతాయి.

గీతలు ఎక్కడ పెట్టాలో లెక్కగట్టే ప్రోగ్రాములున్నాయి. 1988లో డబ్లిన్ నుంచి వచ్చిన క్లస్టల్ వాటిలో పేరుమోసింది. అవి ఒక్కో అమరికకూ మార్కులు వేస్తాయి. అయితే ఎక్కువ మార్కులొచ్చిన అమరికే నిజమైనదని హామీ లేదు. తాళపత్ర ప్రతుల్ని పక్కపక్కన పరుచుకుని పాఠభేదాలు తేల్చే పండితుడికి ఈ చిక్కు కొత్తకాదు: ఈ లేఖకుడు మాట వదిలేశాడా, ఆ లేఖకుడు చేర్చాడా?

అనుమానం వస్తే సరిదిద్దడానికి చేతికో పనిముట్టు కావాలి. మామూలు టెక్స్ట్ ఫైల్లో స్పేసులు కొట్టి వందల వరసలు సరిచేయడం శిక్షే. ఆక్స్‌ఫర్డ్‌లో జెఫ్ బార్టన్ బృందంలో ఉన్న మిషెల్ క్లాంప్ 1996లో జాల్‌వ్యూ అనే అలాంటి పనిముట్టును మొదలుపెట్టారు, అప్పుడప్పుడే బయటికొచ్చిన జావా భాషలో. షిఫ్ట్ నొక్కి మౌస్‌తో లాగితే చాలు, గీతలు చేరి వరస జరుగుతుంది. రంగులు వేయించుకోవచ్చు: అన్ని వరసల్లోనూ ఒకే అక్షరమున్న చోటు ముదురు నీలమైతే, మారుతున్న కొద్దీ పాలిపోతుంది. నాకు మాత్రం అసలు గొప్పతనం ఈ రంగుల్లోనే కనిపిస్తుంది. తప్పు అమరికలో నీలం నిలువు వరస మధ్యలో పళ్లూడినట్టు ఎబ్బెట్టుగా ఉంటుంది.

తర్వాత బార్టన్ బృందం స్కాట్లండ్‌లోని డండీకి చేరింది. అక్కడ జాల్‌వ్యూను దాదాపు కొత్తగా రాశారు. వెబ్‌పేజీల్లో ఆప్లెట్‌గానూ, అంటే జావా ప్లగిన్ సాయంతో పేజీలోనే నడిచే చిన్న ప్రోగ్రాముగానూ నడిచేది, కానీ 2015లో క్రోమ్ బ్రౌజర్ జావా ప్లగిన్లకు తలుపులు మూసేసింది. ఎక్కడైనా నడుస్తుందనే కదా జావాను మెచ్చుకున్నది! ఇప్పుడు అదే జావా కోడ్‌ను జావాస్క్రిప్ట్‌లోకి మార్చి, ప్లగిన్ లేకుండానే మళ్లీ బ్రౌజర్‌లో నడిపిస్తున్నారు.