గట్టు మీది జిల్లేడు

రథసప్తమికి ముందు రోజు నాయనమ్మ జిల్లేడాకులు కోసుకురమ్మంది. మాది ప్రత్తిపాడు పక్కన పల్లెటూరు. మిరప చేను గట్టెక్కి ఒక ఆకు తిప్పితే, కింద పురుగు! ఒళ్లంతా తెలుపు, నలుపు, పసుపు పట్టీలు. వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ములు. "లద్దెపురుగులా ఉంది, తొక్కెయ్‌రా" అన్నారు నాన్న. తొక్కేశాను.

హాస్టల్‌కొచ్చి చదివాక అసలు సంగతి తెలిసింది. అది ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్ల. నారింజ రెక్కలు, నల్లటి కొసలు, వాటిలో తెల్ల చుక్కలు... మీరూ చూసే ఉంటారు. తల్లి జిల్లేడాకు మీద గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది. పిల్లకి తిండి జిల్లేడు, దాని చుట్టపు మొక్కలే. మిరప, పత్తి ముట్టదు.

జిల్లేడు పాలలో గుండెని దెబ్బతీసే చేదు విషాలుంటాయి. పురుగు వాటిని ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలొచ్చాకా ఆ చేదు పోదు. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ ఆ రంగు జోలికి రాదు. అందుకే ఇది అంత తీరిగ్గా ఎగురుతుంది.

దీనికో నకిలీ కూడా ఉంది. డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే ఇంకో జాతిలో ఆడది అచ్చం ఇదే వేషం వేస్తుంది. దాని పిల్లలు మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర తిని పెరుగుతాయి, విషం ఉండదు. వెనక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలుంటే అసలుది. పై అంచున ఒక్కటే ఉంటే నకిలీ.

చేలల్లో లింగాకర్షక బుట్టలు పెడతాం కదా, ఆడ పురుగు వాసనకి మగవి వచ్చి పడతాయి. ప్లెయిన్ టైగర్‌లో వాసన పని మగదానిది. ఆ వాసనకి ముడిసరుకు ఎండిన జనుము జాతి మొక్కల నుంచి పీల్చుకుంటుంది.

మరి మనల్ని ముంచేది ఎవరు? లద్దెపురుగు, శనగపచ్చ పురుగు, గులాబీ రంగు పురుగు. మూడూ రాత్రిళ్లు తిరిగే రెక్కల పురుగుల పిల్లలే, సీతాకోకచిలుకలవి కావు. కానీ చేలో కొట్టిన మందు గాలికి గట్టు మీదా పడుతుంది. గట్టుకి కలుపు మందు కొడితే జిల్లేడే ఉండదు, గుడ్డు పెట్టడానికి చోటూ ఉండదు.

నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "గట్టున కలుపుంటే పిండినల్లి రాదా?" అన్నారు. నిజమే, వయ్యారిభామ మీద అది పెరిగి పత్తికి పాకుతుంది. "వయ్యారిభామ పీకేద్దాం. జిల్లేడు పొదలు రెండు ఉంచండి, మందు అటు పోకుండా కొట్టండి" అన్నాను. "సరే, బాట వైపువి ఉంచుతాలే" అన్నారు.

ఈసారి ఊరెళ్తే మీరూ ఒక జిల్లేడాకు తిప్పి చూడండి. చారల పురుగు కనిపిస్తే మాత్రం నాలా తొక్కకండి.