వానలు వెలిశాక ఇల్లు చూడండి

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు ఒక ధాన్యరాశి పక్కగా వెళుతూ ఆగి, అందులోకి చేయి జొనిపారు. పైకి పొడిగా ఉన్న ఆ రాశి లోపల వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాగైతే జనానికి కనబడేలా దాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని ప్రకటించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు మనలో చాలామందికి తెలిసినదే. అయితే ఇంటి బేరంలో దాన్ని గుర్తు చేసుకునేవారు మాకు అరుదుగానే కనిపిస్తున్నారు. వానకు తడిసిన ధాన్యానికీ, వానకు తడిసిన గోడకూ భేదమేముంది?

తెలంగాణ నుంచి నైరుతి ఋతుపవనాలు సాధారణంగా అక్టోబరు మధ్యకల్లా నిష్క్రమిస్తాయి. ఆ తరువాతి కొన్ని వారాలే పాత ఇంటి లోపాలు బయటపడే కాలం. నాలుగు నెలలు నీరు పీల్చిన గోడలు అప్పుడు మెల్లగా ఆరుతుంటాయి. ఇటుకలోని లవణాలు తడితోపాటు పైకి వచ్చి తెల్లని పొడిగా పేరుకుంటాయి. స్లాబు అడుగున తుప్పురంగు మరకలు, పెచ్చులు కనిపిస్తే లోపలి ఇనుప చువ్వలు చెడుతున్నాయని అనుమానించాలి. ఎండాకాలంలో వెళితే ఇందులో సగం కంటబడదు.

సరిగ్గా ఈ రోజుల్లోనే కొందరు అమ్మకందారులు పుట్టీ పెట్టించి రంగులు వేయిస్తారు. ఇల్లంతా రంగు వేయిస్తే పండుగకో పెళ్ళికో అనుకోవచ్చు. ఒక్క గోడకే కొత్త రంగు ఉన్నా, ఉండకూడని చోట బీరువా నిలబడి ఉన్నా కారణం అడగాలి. స్నానాలగది వెనుక గోడను, పైకప్పు మూలలను, వంటగది సింకు కింది అరను అరచేత్తో తాకి చూడాలి. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు. నెల్లూరు, తిరుపతి ప్రాంతాల వారికి మాత్రం ఈ లెక్క వర్తించదు. అక్కడ ఈశాన్య ఋతుపవనాల వానలు డిసెంబరు దాకా పడతాయి కనుక సంక్రాంతి వేళకు చూడటం మేలు.

గోడ చెమ్మను బాగుచేయవచ్చు, నేల తప్పును బాగుచేయలేం. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు హైదరాబాదు పాతబస్తీలోని అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ వంటి చోట్ల ఇళ్ళు మునిగిపోయాయి. కూతుళ్ళ పెళ్ళికని దాచిన సొమ్ముతో, గల్ఫులో ఏళ్ళ తరబడి చేసిన చాకిరీతో కొన్న ఇల్లు చెరువు హద్దులో ఉందని తరువాత తెలిస్తే ఆ కుటుంబం గతి ఏమిటి? కాబట్టి చెరువు పూర్తి నీటిమట్టం హద్దుకు లోపల స్థలం ఉందో లేదో రికార్డుల్లో పరిశీలించాలి. అంతకు ముందే ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్ళి, పోయిన వానాకాలంలో వీధిలో నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో అడగాలి. ప్రహరీగోడలపై నీటి చారలు కూడా సాక్ష్యం చెబుతాయి. మనవాళ్ళు ఇప్పటికీ నోటరీ కాగితాలను నమ్మి లక్షలు చెల్లించటం మాకు బాధ కలిగిస్తోంది. రిజిస్ట్రేషన్ లేని విక్రయ పత్రం మీకు యాజమాన్య హక్కు ఇవ్వదు.

ఇక అమ్మేవారి సంగతి. ఇద్దరూ నిజం పలికి, సరుకు లోపాలను తేటపరిస్తే ఆ బేరంలో శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల హదీసు తెలుపుతోంది. బేరానికి ముందే ఉండి, కొన్నవాడికి తెలియని లోపం తరువాత బయటపడితే ఇంటిని తిరిగి ఇచ్చివేసే హక్కు అతనికి ఉంటుందని ధర్మశాస్త్ర పండితులు చెబుతారు. దీన్నే ఖియారుల్ ఐబ్ అంటారు. రెరా చట్టం సైతం, దాని పరిధిలోకి వచ్చే కొత్త ఇళ్ళలో స్వాధీనం చేసిన 5 ఏళ్ళలోపు నిర్మాణ లోపం కనబడి ఫిర్యాదు చేస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేసే బాధ్యతను బిల్డరుపై పెట్టింది. చట్టం కోర్టు దాకా వస్తుంది. తీర్పుదినాన లెక్క అడిగేవాడు అల్లాహ్.

సొంత ఇంట్లో ఉంటున్నవారికి ఒక మాట. నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో కనుగొనకుండా, గోడ ఆరకుండా రంగు వేయిస్తే కొన్నాళ్ళకే పొక్కులు లేస్తాయి. మేడపై గొట్టాల నోళ్ళు మూసి, రెండంగుళాల నీరు ఒక రోజంతా నిలిపి కింద చూస్తే కారే చోటు తెలిసిపోతుంది. మరమ్మతుకు పొడిగా ఉండే చలికాలమే అనువైనది.

చెమ్మ పట్టిన గది చలికాలంలో మరింత చల్లబడుతుంది. అప్పుడు తలుపులు, కిటికీలు బిగించి, బాలింత కోసమో ముసలివారి కోసమో లోపల బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు ఇంకా ఉంది. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మంటల పాలైన సందర్భంలో, నిద్రపోయే ముందు నిప్పు ఆర్పివేయమని ప్రవక్త (స) ఆదేశించారు. కుంపటిని వాకిట్లోనే ఆర్పి రండి. గ్యాస్ గీజరు స్నానాలగది లోపల ఉంటే ఈ చలికాలం రాకముందే దాన్ని బయటి గోడకు మార్పించండి.