మధుమేహ నిర్ధారణ: ఏ పరీక్ష, ఎప్పుడు?

ఇంట్లో ఎవరికో నీరసంగా ఉంటుంది. పొరుగింటి గ్లూకోమీటర్ తెచ్చి వేలు గుచ్చి చూస్తారు. 180 కనిపిస్తే ‘షుగరు వచ్చేసింది’ అని బెంబేలెత్తుతారు. మరునాడు 120 కనిపిస్తే ‘ఏమీ లేదు’ అని ఊరట చెందుతారు. ఈ రెండు తీర్మానాలూ తొందరపాటే. లేని వ్యాధికి మందులు వాడటం హానికరం. ఉన్న వ్యాధిని గుర్తించకపోతే కళ్ళు, మూత్రపిండాలు, నరాలు నిశ్శబ్దంగా దెబ్బతింటాయి. మన దేశంలో దాదాపు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. కనుక ఏయే పరీక్షలతో ఈ వ్యాధిని నిర్ధారిస్తారో ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

గ్లూకోమీటర్ ఉన్నది వ్యాధిగ్రస్తులు తమ చక్కెర స్థాయిని గమనించుకోవడానికి. నిర్ధారణకు మాత్రం చేతి నరం నుండి తీసిన రక్తాన్ని ల్యాబ్‌లో పరీక్షించాలి. మూత్ర పరీక్ష కూడా ఇందుకు చాలదు. రక్తంలో చక్కెర బాగా పెరిగాక గాని అది మూత్రంలో కనిపించదు.

నిర్ధారణకు ప్రధానంగా మూడు పరీక్షలు ఉన్నాయి. మొదటిది పరగడుపు పరీక్ష. దీనికి కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. అయితే ఇది రోజా వంటిది కాదు. మంచినీళ్ళు త్రాగవచ్చు, టీ, పాలు మాత్రం కూడదు. ఫలితం డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, అంతకు మించితే మధుమేహంగా పరిగణిస్తారు. రెండవది 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి త్రాగించి, రెండు గంటలకు చేసే పరీక్ష. ఇందులో 200, ఆపైన ఉంటే మధుమేహం. ఇడ్లీ తిన్నాకనో, బిర్యానీ తిన్నాకనో చేయించే పరీక్ష దీనికి సాటి రాదు. తిన్న పరిమాణం మనిషి మనిషికీ మారుతుంది. మూడవది సుమారు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ. ఇది 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం. దీనికి పరగడుపున ఉండనవసరం లేదు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన నియమం ఒకటుంది. లక్షణాలేవీ లేనివారికి ఒక్క ఫలితంతో ముద్ర వేయరాదు. అదే పరీక్ష మళ్ళీ చేయించాలి, లేదా మరొక పరీక్ష కూడా వ్యాధినే సూచించాలి. అతిదాహం, అతిమూత్రం, అకారణంగా బరువు తగ్గడం వంటి లక్షణాలు స్పష్టంగా ఉండి, ఏ సమయంలో తీసిన రక్తంలోనైనా చక్కెర 200 దాటితే రెండవ పరీక్ష కోసం ఆగనక్కరలేదు. పిల్లల్లో ఈ లక్షణాలు కనబడితే మరునాటి పరగడుపు కోసం ఎదురుచూడక అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆలస్యం ప్రాణాంతకం కావచ్చు.

మన ఇళ్ళలోని స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రక్తహీనత ఉన్నవారికి, ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారికి హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు. ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. గర్భిణులకు మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడే గ్లూకోజు త్రాగించి పరీక్ష చేయాలనీ, అప్పుడు బాగున్నా 24–28 వారాల మధ్య మళ్ళీ చేయాలనీ ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వీరికి రెండు గంటల ఫలితం 140 చేరితేనే జాగ్రత్త పడాలి.

30 ఏళ్ళు దాటిన వారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో తొలి పరీక్ష ఉచితంగా చేస్తారు. అక్కడ చక్కెర ఎక్కువగా కనిపిస్తే, అది నిర్ధారణకు మొదటి మెట్టు మాత్రమేనని గ్రహించాలి. పాఠకులకు మేము చేసే మనవి ఒక్కటే. పరీక్ష కాగితాలను పారవేయకుండా భద్రపరచండి. ‘ఇది ఏ పరీక్ష? దీన్ని మరొకసారి చేయించాలా?’ అని వైద్యుణ్ణి అడగండి. ఇలా అడగడానికి సంకోచించవద్దు. మందులు మొదలుపెట్టే ముందు అడగవలసిన ప్రశ్నలివే.