అరూ షా ఆఖరి పుస్తకం: విలన్ పేరు సుయోధనుడు

ఇవాళ ఒక పిల్లల సిరీస్‌లో ఆఖరి పుస్తకం గురించి మాట్లాడుకుందాం. పేరు ‘అరూ షా అండ్ ది నెక్టార్ ఆఫ్ ఇమ్మోర్టాలిటీ’. అంటే అమృతం కథ. రాసింది రోషనీ చోక్షి, 2022లో వచ్చింది. క్లైమాక్స్ చెప్పను, భయపడకండి.

ముందు సిరీస్ సంగతి చెప్తా. మొత్తం ఐదు పుస్తకాలు. మొదటిది 2018లో వచ్చింది. పెర్సీ జాక్సన్ రాసిన రిక్ రియోర్డాన్ పేరు మీద నడిచే ‘రిక్ రియోర్డాన్ ప్రెజెంట్స్’లో వచ్చిన మొట్టమొదటి పుస్తకం అదే. ఇది అర్బన్ ఫాంటసీ. అంటే మాయలన్నీ రాజుల కాలంలో కాకుండా ఇప్పటి సిటీల్లోనే జరుగుతాయి. అరూ పన్నెండేళ్ల పిల్ల, ఉండేది అమెరికాలోని అట్లాంటాలో. వాళ్లమ్మ ఒక మ్యూజియం చూసుకుంటది. క్లాస్‌మేట్స్ రెచ్చగొడితే అరూ అక్కడున్న ఒక శాపం దీపం వెలిగిస్తది. అందులో బందీగా ఉన్న ‘స్లీపర్’ బయటపడతాడు. అప్పుడు తెలుస్తది, అరూలో ఉన్నది అర్జునుడి ఆత్మ అని. మినీలో ధర్మరాజు, బ్రిన్‌లో భీముడు, నికిత, షీలా కవలల్లో నకుల సహదేవులు.

కొనకనమిట్లలో మా తాతకి ఈ కథ చెప్తే పెద్దగా నవ్వాడు. “అర్జునుడు ఆడపిల్లేందే?” అన్నాడు. మీలో కొందరికీ ఇదే డౌట్ రావచ్చు. కానీ భారతాన్ని మళ్లీ చెప్పుకోవడం మనకి కొత్తేం కాదు. తెలుగులో నన్నయ 11వ శతాబ్దంలో మొదలుపెట్టాడు, 13వ శతాబ్దంలో తిక్కన అందుకున్నాడు. మధ్యలో మిగిలిపోయిన అరణ్యపర్వాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తి చేశాడు. ఆయన మన అద్దంకి రెడ్డిరాజుల ఆస్థాన కవి.

ఇప్పుడు ఆఖరి పుస్తకానికి వద్దాం. పౌర్ణమిలోపు స్లీపర్‌ని ఆపాలి. లేకపోతే అమృతం వాడి చేతికి పోద్ది. అమృతం ఉన్న చిక్కుదారి తాళాల కోసం వాడి సైన్యం గుళ్లు దోచుకుంటా ఉంది. ఈ పిల్లల దగ్గర దేవతలిచ్చిన ఆయుధాలు కూడా లేవు. అందుకే వాడిని ఎలా ఓడించాలో తెలుసుకోవడానికి వాడి ఆత్మ ముక్కల్ని వెతుక్కుంటా పోతారు. అంటే గెలవాలంటే ముందు వాడెవడో అర్థం చేసుకోవాలి.

ఆ స్లీపర్ అసలు పేరు సుయోధనుడు. అరూకి సొంత నాన్న.

ఈ మాట చెప్పగానే తాత నవ్వు ఆగిపోయింది. మా వైపు తిరునాళ్లలో కురుక్షేత్రం పద్యనాటకం వేస్తే తాత నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చూసేవాడు. దుర్యోధనుడి పద్యానికి వన్స్ మోర్ అని అరిచేవాడు. నేను మాత్రం తెల్లారుజామున యుద్ధం వచ్చేసరికి నిద్రపోయేదాన్ని. అందుకే నాకు గుర్తున్న దుర్యోధనుడు పద్యం పాడేవాడు, తొడ విరిగి పడిపోయేవాడు కాదు. 1977లో ఎన్టీఆర్ ‘దానవీరశూర కర్ణ’ తీసి, దుర్యోధనుడిని కూడా హీరోలాగా చూపించాడు కదా. అలాంటివి చూసి పెరిగిన మనకి ఈ విలన్ కొత్తోడు కాదు.

“మరి ఆ పిల్ల నాయన్ని చంపుద్దా?” అని తాత అడిగాడు.

నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న విన్నాక నేను వారం రోజులు పుస్తకం తెరవలేదు. మొదటి పుస్తకంలో రాక్షసుడిలా కనిపించినోడు ఐదోదానికి వచ్చేసరికి ఒక నాన్న అయ్యాడు. ఆయన ఓడిపోవాలని కోరుకోవాలా, మారాలని కోరుకోవాలా? నాకు తెలీలేదు. మంచి ఆఖరి పుస్తకం చేసే పని ఇదేనేమో.

చదవాలనుకుంటే మొదటి పుస్తకం ‘ఎండ్ ఆఫ్ టైమ్’తో మొదలుపెట్టండి, డైరెక్ట్‌గా ఐదోది పట్టుకోవద్దు. ఇంగ్లీష్ కష్టమేం కాదు, పేర్లన్నీ మనకి తెలిసినవే. నేనైతే చదవడం అయిపోయాక మార్కాపురం నుంచి తాతకి ఫోన్ చేసి ముగింపు మొత్తం చెప్పా. ఈసారి ఆయనే నిద్రపోకుండా విన్నాడు.